వ్యానులో డీజిల్ హీటరు, వైరింగు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత సంచికలో పాత సరుకుల వ్యానును పడక వసతి ఉన్న బండిగా మార్చుకునేవారి కోసం గోడలకు ఇన్సులేషన్ వేసే పద్ధతి రాశాము. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూనే తిరిగాయి. ఒకటి డీజిల్ హీటరు, రెండవది కరెంటు. నిజానికి ఇవి రెండూ ఒకే విషయమని నా అభిప్రాయం. అందుకు కారణం మొదటి సమాధానంలోనే తెలుస్తుంది.

ప్రశ్న: మేము ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాము. 2017 నాటి ఫోర్డ్ ట్రాన్సిట్ కస్టమ్ వ్యాను కొని, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు వారాంతాల్లో స్కాట్లండు, లేక్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్ళడానికి వీలుగా సొంతంగా మార్చుకుంటున్నాము. పడక, అలమరలు పూర్తయ్యాయి. శీతాకాలంలో కూడా వెళ్ళాలన్నది మా కోరిక. రెండు కిలోవాట్ల హీటరు సరిపోతుందా, ఐదు కిలోవాట్లది తీసుకోవాలా? దానిని ఎక్కడ పెట్టాలి? దానికోసం ఎంత బ్యాటరీ కావాలి? వైరింగు నేనే చేసుకోవచ్చునా? మా అత్తయ్యగారు డీజిల్ మండే యంత్రం పక్కన పిల్లలను పడుకోబెట్టడానికి ఒప్పుకోవడం లేదు. ఆమెకు ఏమని చెప్పాలి?
— ఒక పాఠకుడు, లీడ్స్

సమాధానం: ముందుగా మీ అత్తయ్యగారి సందేహం తీరుద్దాము. ఆమె భయంలో అర్థం ఉంది, దానిని తేలికగా కొట్టిపారేయకండి. ఈ హీటరులో రెండు గాలులు వేరువేరు దారుల్లో నడుస్తాయి. బండి కింద నుంచి పీల్చిన గాలితో డీజిల్ ఒక లోహపు గదిలో మండుతుంది, ఆ పొగ మళ్ళీ బండి కిందికే పోతుంది. ఆ గది చుట్టూ ఉన్న రెక్కల మీదుగా వ్యాను లోపలి గాలిని ఒక ఫ్యాను తోస్తుంది. మనకు తగిలే వెచ్చని గాలి మంటను తాకదు. కాబట్టి సరిగా బిగించిన హీటరు గదిలో పెట్టిన కుంపటి లాంటిది కాదు, గోడ అవతల మండుతున్న పొయ్యి లాంటిది. అయితే ఆ గోడ మనం బిగించిన రబ్బరు సీలు, మనం వేసిన క్లిప్పు, మనం కోసిన రంధ్రం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఆమెకు "భయం లేదు" అని చెప్పకండి. "ఈ మూడూ నా కళ్ళతో చూసుకున్నాను, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం కూడా పెట్టాను" అని చెప్పండి. అలారం కొనేటప్పుడు ఇంటికి వాడేది కాకుండా, బండ్లకు, పడవలకు ఉద్దేశించిన బీఎస్ ఈఎన్ 50291 ప్రమాణంలోని రెండవ భాగం గుర్తు ఉన్నది తీసుకోండి. అది కుదుపులకు తట్టుకునేలా పరీక్షించినది.

ఇక పరిమాణం. ట్రాన్సిట్ కస్టమ్ అంత బండికి, అదీ ఇన్సులేషన్ వేసిన తరువాత, రెండు కిలోవాట్లు ధారాళంగా సరిపోతాయి. ఐదు కిలోవాట్లది తీసుకుంటే లోపల పది నిమిషాల్లో ఉక్కపోతగా మారుతుంది, ఆపైన అది రాత్రంతా కనిష్ఠ స్థాయిలోనే మండుతుంది. కనిష్ఠ స్థాయిలో మంట పూర్తి వేడికి రాదు, డీజిల్ పూర్తిగా కాలదు, లోపల మసి గట్టిపడుతుంది. కొన్ని నెలలకు, డీజిల్‌ను మొదట అంటించే గ్లో ప్లగ్గు చుట్టూ ఉన్న జాలీ మూసుకుపోయి హీటరు వెలగడం మానేస్తుంది. పెద్దది కొంటే మంచిదని మనలో ఒక అలవాటు ఉంది. ఈ వస్తువు విషయంలో మాత్రం దానిని వదిలిపెట్టండి. రెండు కిలోవాట్ల హీటరు పూర్తి స్థాయిలో మండినా గంటకు పావు లీటరుకు అటూ ఇటూగానే డీజిల్ తాగుతుంది, కనిష్ఠ స్థాయిలో అందులో సగం కూడా అవసరం ఉండదు.

ఎక్కడ పెట్టాలన్నది మీ బండిలో దాదాపు తేలిపోయిన విషయమే. ట్రాన్సిట్ కస్టమ్‌లో ఇంజను బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది కాబట్టి, ఎక్కువమంది హీటరును పక్క సీటు కింద పెడతారు. నేలకు రంధ్రం కోసే ముందు బండి కిందికి దూరి, ఆ చోట బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు, అడ్డపట్టీలు లేవని టార్చి వేసి చూడండి. లోపలి నుంచి సన్నని డ్రిల్లుతో ఒక చిన్న రంధ్రం వేసి, కిందికి వెళ్ళి ఆ ముల్లు ఎక్కడ తేలిందో చూసిన తరువాతే పెద్ద రంధ్రం కోయండి. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా రంగు పూయండి. హీటరు కింది పలక, దాని రబ్బరు గ్యాస్కెట్టు చదునైన రేకు మీద కూర్చోవాలి. ట్రాన్సిట్ నేల గీతలు గీతలుగా ఎత్తుపల్లాలతో ఉంటుంది కాబట్టి, ముందుగా ఒక చదునైన లోహపు పలక బిగించి దాని మీద హీటరు పెట్టండి. డీజిల్ గొట్టం, మంటకు గాలి తెచ్చే గొట్టం, పొగగొట్టం మూడూ ఆ పలక కిందే మొదలు కావాలి. వాటి అతుకు ఒక్కటి కూడా వ్యాను లోపల ఉండకూడదు. ఈ ఒక్క నియమానికి నేను ఎలాంటి మినహాయింపూ ఒప్పుకోను.

పొగగొట్టం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. బ్రిటన్ వ్యాన్లకు జరిగే తలుపు సాధారణంగా ఎడమ వైపు ఉంటుంది, పక్కన కట్టుకునే టెంటు కూడా అటే వస్తుంది. పొగగొట్టం మూతి అటు ఉంటే, తలుపు తెరిచినప్పుడల్లా పొగ లోపలికి వస్తుంది, టెంటులో అయితే నిలిచిపోతుంది. కాబట్టి మూతిని కుడి వైపుకు, బండి అంచు దాకా తీసుకుపోండి. బండి కింద మధ్యలో వదిలేయకండి, మంచు పడిన రోజున ఆ పొగ నేల కిందే పేరుకుంటుంది. తెరుచుకునే కిటికీ కింద కూడా మూతి ఉండకూడదు. మంటకు గాలి తెచ్చే గొట్టం పొగను తిరిగి పీల్చనంత దూరంలో ఉండాలి. గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుది అయి ఉండాలి. దానిలో నీరు చేరే అత్యంత పల్లపు చోట ఐదు మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేస్తే నీరు కారిపోతుంది. గొట్టం బాగా కాలుతుంది కనుక ప్లాస్టిక్కు, వైర్లు, బ్రేకు గొట్టాలు, డీజిల్ గొట్టాలకు దూరంగా, ఉక్కు పట్టీలతో వేలాడదీయండి. మొత్తం పొడవు, వంపులు హీటరు తయారీదారు పెట్టిన హద్దు దాటకూడదు.

డీజిల్ కోసం మీ ట్యాంకును కిందికి దించవలసి రావచ్చు. చాలా ట్రాన్సిట్ కస్టమ్ బండ్లలో ట్యాంకు పైభాగాన, అదనపు గొట్టం తగిలించుకోవడానికి మూసి ఉంచిన ఒక ముక్కు ఉంటుంది. దాని కొన కోసి గొట్టం తగిలించవచ్చు. మీ బండిలో అది లేకపోతే సన్నని నిలువు గొట్టం ఒకటి దించాలి. దాని అడుగు కొసను ఏటవాలుగా కోసి, ట్యాంకు అడుగుకు కొంత ఎత్తున ఉంచండి. అప్పుడు హీటరు ఎంతసేపు మండినా ఇంటికి చేరడానికి కావలసిన డీజిల్ మిగులుతుంది. పంపును ట్యాంకుకు దగ్గరగా, రబ్బరు పట్టీలో, డీజిల్ బయటికి వచ్చే కొస పైకి చూసేలా పదిహేను నుంచి ముప్పై ఐదు డిగ్రీల వాలులో బిగించాలి. అలా ఉంటేనే గాలి బుడగలు పైకి పోతాయి. చవక హీటర్లతో వచ్చే మెత్తని ఆకుపచ్చ గొట్టాన్ని పక్కన పెట్టి, రెండు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గట్టి నైలాన్ గొట్టం వాడండి. అతుకు వేసే చోట రెండు గొట్టాల కొసలు లోపల ఒకదానికొకటి ఆనాలి. మధ్యలో సందు ఉంటే అక్కడ బుడగ చేరి మంట ఆగి ఆగి మండుతుంది.

ఇక్కడి నుంచి కరెంటు కథ మొదలవుతుంది. మంట నిలకడగా వెలిగిన తరువాత ఈ హీటరు వాడేది చాలా కొద్ది కరెంటు, ఫ్యాను వేగాన్ని బట్టి పది నుంచి ముప్పై ఐదు వాట్లు మాత్రమే. కానీ మొదటి కొద్ది నిమిషాలు గ్లో ప్లగ్గు ఎర్రగా కాగడానికి ఎనిమిది నుంచి పది ఆంపియర్లు లాగుతుంది. ఆ కొద్ది నిమిషాలలోనే అన్నీ బయటపడతాయి.

నా మొదటి వ్యానులో జరిగినది చెబుతాను. ఫిబ్రవరిలో స్కాట్లండులోని గ్లెన్‌కో లోయలో ఆగాము. రాత్రి పదింటికి హీటరు చక్కగా వెలిగింది. వెచ్చబడిన తరువాత ఆపి పడుకున్నాము. తెల్లవారుజామున ఐదింటికి మా చిన్నవాడు చలికి లేచి కూర్చున్నాడు. కిటికీ లోపలి వైపున ఊపిరి తేమ మంచుగా గడ్డకట్టి ఉంది. హీటరు స్విచ్చు వేశాను. ఫ్యాను తిరిగింది, పంపు టక్ టక్ మంది, ఒక నిమిషానికి అన్నీ ఆగిపోయి తక్కువ ఓల్టేజి అని సంకేతం వచ్చింది. బ్యాటరీ వద్ద మీటరు పెడితే గ్లో ప్లగ్గు లాగుతున్నప్పుడు కూడా 11.8 ఓల్టులు ఉంది. హీటరు వద్ద పెడితే 10.4 చూపించింది. ఈ హీటర్లు సాధారణంగా 10.5 వద్ద ఆగిపోతాయి. మధ్యలో 1.4 ఓల్టులు ఎక్కడికి పోయాయి? నేను ఐదు మీటర్ల దూరం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుతో లాగాను. వెళ్ళి రావడానికి పది మీటర్లు. రాగి నిరోధం లెక్క వేస్తే పది ఆంపియర్ల వద్ద ఆ వైరులోనే దాదాపు 1.2 ఓల్టులు పోతాయి, మిగిలినది రెండు లూజు అతుకులలో పోయింది. బ్యాటరీ నిండుగా ఉన్న రాత్రి ఆ నష్టం కనిపించలేదు. సరిగ్గా అవసరమైన వేళకే కనిపించింది. హీటరులో ఏ లోపమూ లేదు. ఆ రోజు నుంచి హీటరు చెడిపోయిందని ఎవరు చెప్పినా, స్క్రూ ముట్టుకోకముందు, గ్లో ప్లగ్గు లాగుతున్న సమయంలో హీటరు ప్లగ్గు వద్ద ఎన్ని ఓల్టులు ఉన్నాయో చూడమంటున్నాను.

మీ బండిలో బ్యాటరీ నుంచి హీటరుకు నాలుగు మీటర్ల దూరం ఉందనుకుందాము. రానూపోనూ ఎనిమిది మీటర్లు. రాగి నిరోధం ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందానికి 0.0175 ఓములు. దానిని పొడవుతో హెచ్చించి, వైరు మందంతో భాగించి, ఆంపియర్లతో (ఇక్కడ పది) హెచ్చిస్తే పోయే ఓల్టులు వస్తాయి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.56 ఓల్టులు పోతాయి, ఆరింటిలో 0.23 మాత్రమే పోతాయి. ఆరు వేయండి. దాని ఖరీదు తేడా ఒక పూట భోజనం ఖర్చు కూడా ఉండదు. నెగెటివు వైరును కూడా బండి రేకుకు తగిలించకుండా నేరుగా బ్యాటరీ దాకా లాగండి. ఫ్యూజు హీటరు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర, వీలైనంత చేరువలో ఉండాలి. ఫ్యూజు ఉన్నది హీటరును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. ఎక్కడో మధ్యలో వైరు రేకు అంచుకు ఒరుసుకుని షార్టయితే, బ్యాటరీ నుంచి ఆ చోటు దాకా ఉన్న ముక్క అంతా మండుతుంది. ఫ్యూజు ఆ ముక్కకు ముందే ఉండాలి. రేకు గుండా వైరు వెళ్ళే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్టు తొడగండి.

మరొక జాగ్రత్త మన ఇళ్ళ అలవాటుకు సంబంధించినది. పడుకునే ముందు అన్ని స్విచ్చులూ ఆపేయడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన పద్ధతి. హీటరు మండుతుండగా దాని కరెంటును మెయిన్ స్విచ్చుతో ఆపకూడదు. దాని సొంత స్విచ్చుతో ఆపితే, అది మంటను ఆర్పి, కొన్ని నిమిషాలు ఫ్యాను తిప్పి, లోపలి వేడిని బయటికి తోసి, ఆ తరువాత తనంతట తానే నిద్రపోతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ వేడి లోపలే చిక్కుకుని సెన్సారును, ప్లాస్టిక్కు భాగాలను పాడు చేస్తుంది. అందుకే హీటరు వైరును మిగతా దీపాల స్విచ్చు గుండా కాకుండా, ఫ్యూజు మీదుగా విడిగా తీసుకోండి. పెట్రోలు బంకులోకి వెళ్ళే ముందు మాత్రం హీటరును తప్పకుండా ఆపాలి. వాహన హీటర్లకు వర్తించే ఐక్యరాజ్య సమితి 122వ నంబరు నిబంధన ప్రకారం ఆ మాట చీటీ మీద రాసి ఉండాలి కూడా.

ఇంజను బ్యాటరీ కాకుండా, వసతి కోసం విడిగా పెట్టే రెండవ బ్యాటరీ లెక్క మీ కుటుంబానికి వేసి చూద్దాము. హీటరు రాత్రికి ఎనిమిది గంటలు, రెండు మూడు సార్లు వెలిగించడంతో కలిపి పదిహేను ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియరు చొప్పున గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). కంప్రెసరు ఫ్రిజ్జు రోజుకు ముప్పై. దీపాలు, ఫోన్లు, నీటి పంపు కలిపి పది. మొత్తం యాభై ఐదు. వంద ఆంపియర్ అవర్ల ఏజీఎం బ్యాటరీని (సీసం, ఆమ్లంతో పనిచేసే మూసిన రకం) ప్రతిసారీ సగానికి మించి వాడితే దాని ఆయువు వేగంగా తగ్గుతుంది, అంటే ఒక రోజుకు కూడా చాలదు. అదే వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఎనభై దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువు కూడా సగం కన్నా తక్కువ. కానీ సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు దానిని చార్జి చేయకూడదు. చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. చలిలో చార్జింగు తానే ఆపుకునే రకం కొని, దానిని బండి కింద కాకుండా హీటరు వెచ్చదనం తగిలే చోట, లోపల పెట్టండి.

దానిని నింపేది ప్రధానంగా మీ ఇంజనే. మీది యూరో 6 పొగ కాలుష్య ప్రమాణం ప్రకారం చేసిన బండి. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు డీజిల్ ఆదా కోసం తన ఓల్టేజిని తరచూ తగ్గించుకుంటుంది. పాత బండ్లలో రెండు బ్యాటరీలను నేరుగా కలపడానికి వాడిన మామూలు రిలే పెడితే రెండవ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ముప్పై ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు పెట్టండి. అది తక్కువ ఓల్టేజిని కూడా తీసుకుని బ్యాటరీకి కావలసినంతకు పెంచి ఇస్తుంది. రెండు గంటల ప్రయాణంతో ఒక రోజు వాడకం తిరిగి వస్తుంది. ఇంజను బ్యాటరీ నుంచి దానికి పదహారు చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, రెండు చివరలా, అంటే రెండు బ్యాటరీల పక్కనా, అరవై ఆంపియర్ల ఫ్యూజులు పెట్టండి. ఆ వైరుకు రెండు కొసలలోనూ బ్యాటరీ ఉంది కాబట్టి ఒక్క ఫ్యూజు చాలదు. కప్పు మీద సోలారు పలక వేసవిలో ఎంతో ఉపయోగపడుతుంది. డిసెంబరు స్కాట్లండులో వంద వాట్ల పలక రోజుకు పది ఆంపియర్ అవర్లు కూడా ఇవ్వదు, శీతాకాలం లెక్కలో దానిని కలుపుకోకండి.

12 ఓల్టుల పని మీరే చేసుకోవచ్చు. వైరు కొసలకు తొడిగే లగ్గులు కొట్టడానికి సుత్తి, పట్టకారు వాడకుండా సరైన క్రింపింగు పరికరం అద్దెకైనా తెచ్చుకోండి. ప్రతి లగ్గునూ బిగించిన తరువాత చేత్తో గట్టిగా లాగి చూడండి, ఊడితే అది మీకు మేలు చేసినట్టే. బీమా కంపెనీకి మార్పుల గురించి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. వాహన పత్రంలో రకం మార్చమని బ్రిటన్ వాహన రిజిస్ట్రేషను సంస్థ డీవీఎల్ఏకు దరఖాస్తు చేసినా, బండి బయటి నుంచి కూడా క్యాంపరులా కనిపించకపోతే వారు ఒప్పుకోకపోవచ్చు. బీమాకు మాత్రం ఆ విషయంతో సంబంధం లేకుండా చెప్పి తీరాలి.

ప్రశ్న: మేము కొన్న క్యాంపరులో చవక రకం డీజిల్ హీటరు ఉంది. సెప్టెంబరులో బాగా పనిచేసింది. బండిని ఇంటి ముందు నిలిపి ఉంచి జనవరిలో వెలిగిస్తే తెల్లని పొగ దట్టంగా వచ్చి ఆగిపోతోంది. ఐదారు సార్లు ప్రయత్నించాను.
— ఒక పాఠకురాలు, అబర్దీన్

సమాధానం: ఇక ప్రయత్నించకండి. తెల్లని పొగ అంటే డీజిల్ లోపలికి వస్తోంది, కాలడం లేదు. ప్రతి ప్రయత్నంతోనూ మంట గదిలో మరికొంత డీజిల్ చేరుతుంది. చివరికి ఒక్కసారిగా అంటుకుంటే పొగగొట్టంలో నుంచి మంట వస్తుంది. ముందుగా పైన చెప్పినట్టు వెలిగే సమయంలో ఓల్టేజి చూడండి. నాలుగు నెలలు చార్జి లేకుండా నిలిపిన బ్యాటరీ కనుక నా మొదటి అనుమానం దాని మీదే.

రెండవది డీజిల్. బ్రిటన్‌లో నవంబరు 16 నుంచి మార్చి 15 దాకా బంకుల్లో అమ్మే శీతాకాలపు డీజిల్ మైనస్ 15 డిగ్రీల దాకా ఫిల్టరు గుండా పారేలా తయారవుతుంది. వేసవి డీజిల్‌కు ఆ హద్దు మైనస్ 5 మాత్రమే. మీ ట్యాంకులో ఉన్నది సెప్టెంబరులో పోయించినది. అబర్దీన్ చలిలో అది సన్నని గొట్టంలోనూ, చిన్న ఫిల్టరులోనూ మైనంలా చిక్కబడి ఉండవచ్చు. ఎండ కాసిన మధ్యాహ్నం, ట్యాంకులో కొత్త డీజిల్ పోయించి, కొంత దూరం నడిపి ఆ తరువాత చూడండి. అప్పటికీ వెలగకపోతే గ్లో ప్లగ్గును విప్పి, దాని జాలీ మసి పట్టి ఉంటే మార్చండి. అది చవకైన భాగమే. వెలిగిన తరువాత అరగంట పూర్తి స్థాయిలో మండించండి. ఇకపైన వేసవిలో కూడా నెలకు ఒకసారి పది నిమిషాలు నడపండి. పొగ నల్లగా వస్తే మాత్రం కారణం వేరు. మంటకు గాలి చాలడం లేదని అర్థం, గొట్టాల మూతులు మూసుకున్నాయేమో చూడండి.

ప్రశ్న: మా వ్యానులో క్యాంపుసైటు కరెంటు తీసుకునే ఏర్పాటు పాత యజమాని చేశారు. ఇంటి గోడల్లో వాడే గట్టి తీగ వైరు వేశారు. పని చేస్తోంది. మార్చాలా? రైస్ కుక్కరు పెడితే అప్పుడప్పుడు కరెంటు పోతోంది.
— ఒక పాఠకుడు, రెడింగ్

సమాధానం: మార్చాలి, ఈ నెలలోనే. గోడలో వైరు కదలదు, బండిలో ప్రతి గుంతకూ కదులుతుంది. ఒంటి తీగ రాగి వంగి వంగి గట్టిపడి, సరిగ్గా స్క్రూ కింద విరుగుతుంది. విరిగిన చోట నిప్పురవ్వలు పుడతాయి, అదీ చెక్క అలమర వెనుక. అనేక సన్నని తీగలు పేనిన మెత్తని వైరు, కనీసం ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది వేయించండి. 230 ఓల్టుల వైరును 12 ఓల్టుల వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టకూడదు. లోపలికి వచ్చిన వెంటనే, కరెంటు లీకయితే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ, దాని తరువాత రెండు తీగలనూ కలిపి ఆపే ఎంసీబీ బ్రేకర్లు ఉండాలి. యూరప్‌లో కొన్ని చోట్ల లైవు, న్యూట్రలు తారుమారుగా వస్తాయి. ఒక్క తీగనే ఆపే బ్రేకరు అక్కడ రక్షణ ఇవ్వదు. బండి లోహపు చట్రాన్ని నాలుగు చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ, పసుపు చారల వైరుతో ఎర్తుకు కలపాలి. ఈ పని మీరే చేసుకోమని నేను చెప్పను. బ్రిటన్ వైరింగు ప్రమాణమైన బీఎస్ 7671లోని 721వ విభాగం తెలిసిన ఎలక్ట్రీషియనుతో చేయించి, పరీక్ష పత్రం తీసుకోండి.

రైస్ కుక్కరు సంగతి వేరు. క్యాంపుసైటు స్తంభం కొన్ని చోట్ల 16 ఆంపియర్లు ఇస్తుంది, కొన్ని చోట్ల 10, మరికొన్ని చోట్ల 6 మాత్రమే. ఆరు ఆంపియర్లంటే 1380 వాట్లు. ఏడు వందల వాట్ల కుక్కరుతో పాటు ఎలక్ట్రిక్ కెటిల్ కూడా పెడితే స్తంభంలోని బ్రేకరు పడిపోతుంది. వెయ్యి వాట్ల లోపు కెటిల్ కొని, అన్నం అయ్యాకే టీ పెట్టుకోండి. బయటి కేబులును చుట్టలోనే ఉంచి వాడకండి. మొత్తం 25 మీటర్లనూ విప్పి పరవాలి, లేకపోతే చుట్ట మధ్యలో వేడెక్కి కరుగుతుంది. ముందు బండికి తగిలించి ఆ తరువాత స్తంభానికి తగిలించండి. తీసేటప్పుడు స్తంభం వైపు ముందు తీయండి.

ప్రశ్న: మేము హైదరాబాదు నుంచి వచ్చే సెప్టెంబరులో సొంత బండిలో లదాఖ్ వెళ్ళాలనుకుంటున్నాము. ఇలాంటి హీటరు పెట్టుకుంటే అక్కడ పనిచేస్తుందా? అంతమాత్రానికి బొగ్గుల కుంపటి సరిపోతుందని మా బాబాయి అంటున్నారు.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: కుంపటిని బండి లోపలికి తీసుకుపోవద్దు. ఆరినట్టు కనిపించే బొగ్గు కూడా గంటల తరబడి కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారు మేలుకోరు. బాబాయిగారికి ఈ ఒక్క విషయం మెత్తగానైనా, తప్పకుండా చెప్పండి.

హీటరు పనిచేస్తుంది, కానీ ఎత్తు ఒక అడ్డంకి. లేహ్ పట్టణం దాదాపు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన. పంపు మాత్రం కింద ఇచ్చినంత డీజిలే ఇస్తుంది. గాలికి మించిన డీజిల్ వల్ల నల్లని పొగ వచ్చి, కొద్ది రాత్రులలోనే మసి పడుతుంది. ప్రసిద్ధ తయారీదారుల హీటర్లకు కూడా 1500 మీటర్లు దాటి ఎక్కువ కాలం వాడాలంటే ఎత్తును బట్టి డీజిల్‌ను తగ్గించే సెన్సారు లేదా అమరిక ఉండాలి. కొనేటప్పుడు అది ఉన్న రకమే అడగండి. డీజిల్ గడ్డకట్టే బాధ సెప్టెంబరులో మీకు సాధారణంగా ఉండదు. శీతాకాలంలో వెళ్ళేవారి కోసం ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో లదాఖ్‌లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను ప్రవేశపెట్టింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కాబట్టి సీట్లు తీసి పడక వేయాలన్నా, నేల కోయాలన్నా ముందుగా మీ ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, వారు చెప్పినది రాతలో తీసుకోండి. అది కుదరకపోతే, ఈ ప్రయాణానికి రాత్రుళ్ళు లేహ్‌లోనూ, దారి ఊళ్ళలోనూ గదులు తీసుకుని, బండిని పగటి ప్రయాణానికే వాడండి.